పాత మోటారు కోచీల ఆనవాళ్లు

హంగరీ దేశంలో కోచ్ అనే చిన్న ఊరు ఉన్నది. 15వ శతాబ్దంలో ఆ ఊరి పనివారు తేలికగా, కుదుపు తక్కువగా నడిచే నాలుగు చక్రాల బండ్లు కట్టి పేరు గడించారు. ఊరి పేరే బండి పేరయి యూరపు భాషలలో వ్యాపించినది. ఇంగ్లీషువారితో పాటు మన దేశానికి వచ్చి, మన పెద్దల నోట కోచిబండి అయినది. గుఱ్ఱాలు పోయి ఇంజను వచ్చిన తరువాత కూడా ఇంగ్లండు ప్రజలు ఆ మాటను వదులుకొనలేదు. ఊళ్లో మలుపు మలుపుకూ ఆగుతూ పోయే బండి వారికి బస్సు. విహారయాత్రకో, దూరప్రయాణానికో మెత్తని సీట్లతో సిద్ధం చేసినది కోచి. మనకు రెండూ బస్సులే. అయినా ఇక్కడ చెప్పబోయే కథకు ఆ భేదం కొంత అవసరం.

పాత మోటారు కోచీలను సేకరించి, మరమ్మతు చేసి, పండుగనాడు రోడ్డెక్కించే ఉత్సాహవంతులు బ్రిటనులో ఎందరో ఉన్నారు. వారిలో ఏ ఇద్దరు కలిసినా మొదలయ్యే వాదం ఒకటే: ఈ బండి ఏ నమూనా? బయటివారికి ఇది పనిలేని పని అనిపించవచ్చును. రెండు బండ్ల ముఖాలూ ఒకటే, ఇంజనూ ఒకటే. వెనుక పైకప్పు అంచు గుండ్రంగా ఉన్నదా, పలకలుగా ఉన్నదా అని నిచ్చెన వేసుకొని చూడడం దేనికని నవ్వవచ్చును. అయితే ఆ అంచులో ఒక దేశం ఆరేండ్లు పడిన కరువు దాగి ఉన్నది. అది ఎట్లాగో చెప్పడానికి బెడ్‌ఫర్డ్ కోచీలను ఎంచుకొన్నాము.

ముందుగా ఒక సంగతి. ఆ కాలపు కోచికి తయారీదారు ఒకడు కాదు, ఇద్దరు. చక్రాలు, ఇరుసులు, ఇంజను, గేర్లు, వీటన్నిటినీ మోసే ఇనుప చట్రం, అనగా ఛాసీ, ఒక కంపెనీది. దానిపై కూర్చోబెట్టిన బాడీ, అనగా గోడలు, కిటికీలు, పైకప్పు, సీట్లు, మరొక కంపెనీది. కొన్నవాడు ఛాసీని ఒకచోట బేరమాడి, బాడీని మరొకచోట కట్టించుకొనేవాడు. అందుచేత ‘ఇది ఏ నమూనా’ అన్న ప్రశ్నకు ఎప్పుడూ రెండు జవాబులు ఉంటాయి. బానెట్‌పై ఉన్న పేరు చూసి సంతృప్తి పడేవాడు సగమే తెలుసుకొన్నట్లు.

బెడ్‌ఫర్డ్ అన్నది ఛాసీ పేరు. లండనుకు ఉత్తరాన లూటన్ పట్టణంలో వాక్స్‌హాల్ కంపెనీ ఉండేది. దానిని అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ వారు కొన్నారు. 1931లో ఆ కంపెనీ బెడ్‌ఫర్డ్ పేరుతో లారీలు, వాటితో పాటు చిన్న బస్సు ఛాసీలు చేయడం మొదలుపెట్టినది. ధర తక్కువ, మరమ్మతు సులభం. పెద్ద పెద్ద రవాణా సంస్థలు మొదట వీటిని చిన్నచూపు చూసినా, రెండు మూడు బండ్లతో వ్యాపారం నడుపుకొనే పల్లెటూరి యజమానులకు ఇవి కల్పవృక్షాలయినాయి. 1935లో డబ్ల్యూటీబీ అనే నమూనా వచ్చినది. 1939 ఆగస్టులో దానికి వారసుడుగా ఓబీ వచ్చినది.

బాడీ విషయానికి వస్తే డూపుల్ అనే పేరు తరచు వినబడుతుంది. 1919లో హెర్బర్ట్ వైట్ అనే ఆయన స్థాపించిన కంపెనీ అది. ఒకే మోటారు బండి సరకులకూ మనుషులకూ, రెండు విధాలా పనికివచ్చేటట్లు బాడీ కట్టాలన్నది ఆయన మొదటి ఆలోచన. ఆ ‘రెండు’ అన్న అర్థమే కంపెనీ పేరులో ఉన్నది. తరువాత హెండన్‌లో పెద్ద కర్మాగారం పెట్టి, బెడ్‌ఫర్డ్ ఛాసీకి తగిన బాడీలు వందలూ వేలుగా కట్టారు. డూపుల్ వారు ఓబీపై కట్టిన కోచి బాడీ పేరు విస్టా. ఈనాడు ఇంగ్లండులో ఎవరయినా పాత కోచి బొమ్మ గీయమంటే, తెలిసో తెలియకో ఓబీ విస్టానే గీస్తారు.

దాని రూపు ఎట్లా ఉంటుందో చెబుతాము. ముందుకు పొడుచుకొని వచ్చిన బానెట్, దాని చివర గుండ్రని రేడియేటరు జాలీ, రెండు ప్రక్కలా బుగ్గల వలె ఉబ్బిన మడ్‌గార్డులు. బానెట్ వెనుక డ్రైవరు ప్రయాణికులతో పాటే ఒకే గదిలో కూర్చుంటాడు. ఆ కాలపు పెద్ద బస్సులలో డ్రైవరుకు ఇంజను ప్రక్కన విడిగా ఒక అర గది ఉండేది. ఇందులో అది లేదు. బానెట్ దగ్గర మొదలయిన మెరుగు పట్టీ ప్రక్కగోడ వెంట వంపు తిరుగుతూ వెనుకకు జారుతుంది. పైకప్పు ముందూ వెనుకా గుండ్రంగా దిగుతుంది. వెనుక మూలలలో అద్దాలు కూడా వంపు తిరిగినవే. అడుగున సామాను పెట్టుకొనే అర. గుడ్డ తొడిగిన మెత్తని సీట్లు మొదట 27, తరువాత 29. మొత్తం పొడవు 24 అడుగుల చిల్లర. లోపలి ఎముకలు ఆష్ అనే కలప, పై తొడుగు లోహపు రేకు. దీనిని అందమయిన బండి అనడానికి మాకు సంకోచం లేదు.

డబ్ల్యూటీబీ చివరి రోజులలో తయారయిన బండ్ల ముఖం ఓబీ ముఖానికి చాలా దగ్గర. ఫోటోలో ఎదుటి నుంచి చూస్తే పొరబడడం తేలిక. ప్రక్క నుంచి చూడాలి. ఓబీలో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ నడుమ దూరం 14 అడుగుల 6 అంగుళాలు. డబ్ల్యూటీబీ అంతకంటె కురచ. కొద్ది అంగుళాల తేడాయే అయినా అలవాటుపడిన కంటికి చాలును. ఇక్కడివరకు పని సులువు. చిక్కు అంతా తరువాతిది.

ఓబీ వెలువడిన తరువాత నెల తిరగకముందే, 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధంలో దిగినది. అప్పటికి తయారయిన ఓబీలు 73 మాత్రమే. లూటన్ కర్మాగారం సైన్యపు లారీలకు, టాంకులకు మళ్లినది. విహారయాత్రలు అడుగంటినవి. పెట్రోలుకు రేషను వచ్చినది. 1942 శరత్కాలానికి దూరపు కోచి సర్వీసులను కూడా నిలిపివేశారు. అయితే విహారానికి పోయేవారు తగ్గినా, పనికి పోయేవారు పెరిగారు. ఆయుధ కర్మాగారాలను ఊళ్లకు దూరంగా పొలాల మధ్య కట్టారు. పగలూ రాత్రీ మారే షిఫ్టులకు వేలాది కార్మికులను, అందులో ఎందరో స్త్రీలను, అక్కడకు చేర్చాలి. ఉన్న బస్సులు అరిగిపోతున్నవి, కొత్తవి లేవు. ఈ అవసరం నుంచి 1942లో ఓడబ్ల్యూబీ పుట్టినది.

పేరులో నడుమ చేరిన డబ్ల్యూ యుద్ధానికి గుర్తు. దీనిని డబ్ల్యూటీబీలోని డబ్ల్యూతో కలపరాదు. ఆ నమూనా యుద్ధానికి నాలుగేండ్ల ముందుది. ఛాసీ వరకు ఓడబ్ల్యూబీకీ ఓబీకీ చెప్పుకోదగిన భేదం లేదు. ఆరు సిలిండర్ల అదే 3,519 సి.సి. పెట్రోలు ఇంజను, నాలుగు గేర్లు, అదే ఇరుసుల దూరం. తేడా అంతా పైన ఉన్న బాడీది. ఆ బాడీని కొనేవాడి అభిరుచి కాదు, ప్రభుత్వ నిబంధన తీర్చినది. డూపుల్ వారు గీసిన ఒకే నమూనాను రో, మల్లినర్, ఎస్.ఎం.టి. కర్మాగారాలవారు కూడా కట్టారు. అట్లా మొత్తం 3,398 ఓడబ్ల్యూబీలు రోడ్డెక్కినవి.

నిబంధన ఏమి చెప్పినది? కూర్చునేందుకు 32 చోట్లు ఉండాలి. మెత్తలు అక్కరలేదు, మన రైళ్లలో ఒకప్పటి మూడవ తరగతి బల్లల వలె చెక్కబద్దలు కొట్టిన సీట్లు చాలును. తెరుచుకొనే కిటికీలను లెక్కపెట్టి తగ్గించారు. మెరుగు పట్టీలు లేవు. అన్నిటికంటె ముఖ్యం, వంపు తిరిగిన రేకు వీలయినంతవరకు లేదు.

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. చదునయిన రేకును ఎవరయినా కత్తిరించి మేకు కొట్టగలరు. గోళం వలె రెండు వైపులా వంగిన రేకు చేయాలంటే సుత్తితో నెమ్మదిగా కొట్టి కొట్టి సాగదీసే పనివాడు కావాలి. అది చేతివాటం, ఏండ్ల తరబడి నేర్చిన విద్య. యుద్ధకాలంలో ఆ చేతులన్నీ విమానాల పనికి పోయినవి. కోచి పైకప్పుకు వాటిని కేటాయించే స్థితి దేశానికి లేదు. కాబట్టి గుండ్రంగా దిగవలసిన వెనుక కప్పును చదునయిన ముక్కలుగా కోసి, ఒకదాని ప్రక్క ఒకటి చేర్చి, కోణాలు కోణాలుగా దింపారు. గుమ్మడికాయను పోలవలసినది పెట్టెను పోలినది. ఆ కోణాలు బీదరికమూ కావు, మొరటుతనమూ కావు. ఆ చేతులు ఆ క్షణాన ఎక్కడ ఉన్నవో చెప్పే సాక్ష్యం అవి. మా దృష్టిలో ఓడబ్ల్యూబీ చరిత్రకు ఇంతకంటె మంచి పత్రం లేదు.

వెనుకనే మరొక గుర్తు కూడా ఉన్నది. విస్టా వెనుక సామాను అర ఉంటుంది. ఓడబ్ల్యూబీ వెనుకగోడ నడుమ, ఆపద వేళ దిగడానికి ఒక తలుపు ఉంటుంది. షిఫ్టుకు పోయే కార్మికుడికి సామాను ఏముంటుంది? టిఫిను డబ్బా, గాలి ముసుగు. బాంబు పడితే దిగిపోయే దారి ముఖ్యం గాని!

1945లో యుద్ధం ముగిసినది. ఆ శరత్కాలంలోనే ఓబీ మళ్లీ తయారీకి వచ్చినది. నిలిచిపోయిన విహారాలకు జనం ఒక్కసారిగా ఎగబడ్డారు. జీతంతో కూడిన సెలవుల చట్టం 1938లోనే వచ్చినా, దాని ఫలం అనుభవించే అవకాశం సామాన్యులలో చాలమందికి యుద్ధం తరువాతనే దొరికినది. కార్లు కొనే స్తోమత కొద్దిమందిది. పెట్రోలు రేషను 1950 మే వరకు ఉండనే ఉన్నది. అందుచేత సముద్రతీరానికి పోవాలంటే పేటలోని కోచి యజమానే దిక్కు. 1950 వరకు, యుద్ధానికి ముందటి 73 కలుపుకొని, మొత్తం 12,766 ఓబీలు తయారయినవి. ఆ ఏడే బెడ్‌ఫర్డ్‌వారు ఎస్‌బీ అనే కొత్త ఛాసీని తెచ్చారు. దానిలో డ్రైవరు ఇంజను ప్రక్కకు జరిగాడు, ముక్కు మాయమయినది, ఇరుసుల దూరం 17 అడుగుల 2 అంగుళాలకు పెరిగినది. దానిని ఓబీతో పొరబడేవారు ఉండరు కనుక ఇక్కడితో వదిలిపెడుతున్నాము.

మరి ఆ 3,398 యుద్ధపు బండ్లు ఏమయినవి? ఎవరికీ వాటిపై మమకారం లేదు. చెక్కబద్దలపై కూర్చుని పోయినవారు ఆ రోజులు మరచిపోవాలనుకొన్నారు. యజమానులకు మాత్రం కొత్త ఓబీ కోసం వరుసలో వేచి ఉండడం తప్పలేదు. కాబట్టి ఉన్న ఓడబ్ల్యూబీలనే ముస్తాబు చేశారు. బద్దల సీట్లు ఊడదీసి మెత్తనివి వేశారు, రంగులు మార్చారు. కొందరు మరొక అడుగు వేసి, పాత బాడీని మొత్తం దించివేసి, ఛాసీపై కొత్త కోచి బాడీ ఎక్కించారు. అప్పటి నుంచి అది చూపుకు ఓబీయే. ఛాసీలో భేదం లేదని ముందే చెప్పుకొన్నాము కదా!

ఇదే పోల్చుకొనేవారి తలనొప్పి. సీట్లను నమ్మరాదు, అవి మారిపోయి ఉండవచ్చును. పైగా 1945లో నిబంధనలు సడలినప్పుడు, యుద్ధపు బాడీలకు కూడా మెత్తని సీట్లు మళ్లీ వచ్చినవి. రంగును నమ్మరాదు. బ్రిటనులో బండి నంబరు పలకపై అక్షరాలు అది ఏ జిల్లాలో నమోదయినదో చెప్పేవి; మంచి ఆధారమే, కాని అక్కడ ఒక బండి నంబరును మరొక బండికి మార్పించుకొనే ఆచారం కూడా ఉన్నది. చివరకు నిలిచేవి రెండే: తయారీదారు ఛాసీకి ఇచ్చిన సంఖ్య, బాడీ కట్టినవారు బాడీకి ఇచ్చిన సంఖ్య. ఈ రెంటినీ పాత రిజిస్టర్లతో సరిచూస్తే, పై బట్ట వయసు వేరు, లోపలి మనిషి వయసు వేరు అని తేలుతుంది.

చెవితో పట్టుకోవచ్చునా అని రేడియో శ్రోతలు అడుగవచ్చును; మాకూ అదే ఆసక్తి. బెడ్‌ఫర్డ్ గేర్లు ఎక్కేటప్పుడు ఒక సన్నని ఊళ వినిపిస్తుంది. కొండ ఎక్కుతున్నప్పుడు ఆ ఊళ మైలు దూరం నుంచే బండిని పట్టి ఇస్తుందని, ఆ బండ్లను ఎరిగినవారు మురిపెంగా చెప్పుకొంటారు. అయితే ఓబీదీ ఓడబ్ల్యూబీదీ ఒకే గొంతు. చెవి కుటుంబం పేరు చెప్పగలదు. అన్నదమ్ములలో ఎవరో చెప్పలేదు.

ఇప్పుడు అసలు వివాదం. నేడు మిగిలిన పాత బెడ్‌ఫర్డ్‌లలో ఓబీ విస్టాలు చాలానే ఉన్నవి. పెండ్లి ఊరేగింపులకు, సినిమాలకు వాటిని అద్దెకు పిలుస్తారు. ఓడబ్ల్యూబీలు మిక్కిలి అరుదు. ఎక్కడో కొట్టంలో శిథిలమయిన ఓడబ్ల్యూబీ దొరికితే దాని యజమాని ముందు రెండు దారులు ఉంటాయి. ఒకటి, దానిపై గుండ్రని కోచి బాడీ కట్టి, అందరూ ముచ్చటపడే బండిని చేయడం. పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. రెండవది, కోణాల కప్పు, చెక్కబద్దల సీట్లు, బోసి గోడలతో ఉన్నది ఉన్నట్లు నిలబెట్టడం; శ్రమ అంతే, చూసేవారు తక్కువ. మొదటి దారిని తప్పు పట్టలేము. 1946లో దాని తొలి యజమాని చేసిన పని కూడా అదే. అయినా మా ఓటు రెండవదానికే. ఇంకొక విస్టా చేరితే విస్టాల సంఖ్య ఒకటి పెరుగుతుంది. ఒక ఓడబ్ల్యూబీ పోతే, కర్మాగారానికి పోయి రాత్రంతా పనిచేసి వచ్చిన స్త్రీ ఏ బల్లపై కూర్చుని ఇల్లు చేరినదో చూపించే వస్తువు ఒకటి తగ్గిపోతుంది. విహారయాత్రను తలచుకొనేందుకు ఫోటోలు ఉన్నవి. ఆ బల్లను ఎవరు ఫోటో తీశారు?

ఛాసీ ఒకరిది, బాడీ ఒకరిది అయినచోట ఇటువంటి చిక్కు ఎక్కడయినా పుడుతుంది. మాల్టా ద్వీపంలో స్థానికులు తమ చేతులతో కట్టిన బాడీలు, పలు దేశాల ఛాసీలు కలగలిసి, ఒక్కొక్క బస్సు ఒక్కొక్క చిక్కుముడి అయినది. 2011లో వాటిని రోడ్ల మీద నుంచి తప్పించేనాటికి, ఇది ఫలానా నమూనా అని ఒక్క ముక్కలో చెప్పడం చాల బండ్ల విషయంలో కష్టమే.

మన సంగతి చూదాము. నిజాం స్టేట్ రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమయినది. ఆనాటి బస్సులు స్కాట్లండు నుంచి వచ్చిన ఆల్బియన్‌లు; వాటిలో ఒకదానిని హైదరాబాదులో జ్ఞాపకార్థం భద్రపరచారు. బొంబాయిలోని సేవ్రీలో జనరల్ మోటార్స్ వారు 1928లో కర్మాగారం పెట్టి 1954 వరకు షెవ్రొలే, బెడ్‌ఫర్డ్ బండ్లను ఇక్కడే బిగించేవారు. ఛాసీ అట్లా వచ్చేది. బాడీ మాత్రం మన వడ్రంగులు, కమ్మరులు కట్టేవారు. యుద్ధకాలపు కరువు మనకూ తప్పలేదు. పెట్రోలు దొరకక, వెనుక బొగ్గు పొయ్యి తగిలించుకొని, ఆ పొయ్యి గాలితో నడిచిన బొగ్గు బస్సుల ముచ్చట పెద్దలున్న ఇళ్లలో ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. ఎత్తు వచ్చినప్పుడు ప్రయాణికులు దిగి నడవడం, క్లీనరు తిరగలి వంటి పిడిని త్రిప్పి నిప్పు రాజేయడం వారు నవ్వుతూ చెబుతారు.

కనుక ఇంట్లో పాత ఫోటోల పెట్టె ఉన్నవారు, పెండ్లివారి వెనుకనో తీర్థయాత్రికుల వెనుకనో బస్సు నిలిచి ఉన్న బొమ్మ దొరికితే, ఒకసారి భూతద్దం పట్టి చూడవచ్చును. బానెట్, మడ్‌గార్డులు, రేడియేటరు జాలీ ఛాసీ చేసినవారి ముఖం. దానిని బట్టి బండి ఏ దేశానిదో, సుమారు ఏ సంవత్సరానిదో పోల్చవచ్చును. డ్రైవరు వెనుక నుంచి మొదలయ్యే గోడలు, కిటికీ కమ్మీలు, కప్పు మీది సామాను కటకటాలు మనవారి చేతిపని. వాటికి లూటన్‌లోనూ హెండన్‌లోనూ రిజిస్టరు లేదు. వెనుక ప్రక్కన పీపా వంటిది నిలువుగా కనబడితే అది నీళ్ల పీపా అనుకొనవద్దు. ఆ ఫోటో బహుశా 1940 తరువాతి అయిదారేండ్లలో తీసినది.